‘నీ చిత్తమే’ అనే మాటను మా ప్రార్థనలకు తిరిగి ఇవ్వండి: స్వస్థత సభల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగు నేల మీద స్వస్థత మహాసభలు, ఉపవాస కూడికలు నడుపుతున్న దైవజనులకు, వారికి వేదికనిస్తున్న సంఘ పెద్దలకు, వారి ప్రసంగాలను ప్రసారం చేస్తున్న క్రైస్తవ టీవీ చానళ్ల నిర్వాహకులకు,

ప్రభువు నామమున వందనములు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాడిని. ఇరవై రెండేళ్లు సంఘ కార్యదర్శిగా పనిచేశాను. ప్రార్థన వల్ల మేలు పొందినవాడినే గాని ప్రార్థనను శంకించేవాడిని కాను. స్వస్థత సభల గురించి ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే వారిని అవిశ్వాసుల జాబితాలో చేర్చడం మన మధ్య అలవాటైపోయింది కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. ఈ విషయమై నిరుడు ఒక సభల కమిటీకి రెండు ఉత్తరాలు రాశాను. మొదటిది చేతికి ఇచ్చాను, రెండవది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. మూడోసారి నేనే వెళ్లాను. అయ్యగారు ఉపవాసంలో ఉన్నారని చెప్పి, ప్రార్థన అంశం రాసి పెట్టెలో వేయమని ఒక చీటీ ఇచ్చారు. అందువల్ల ఇప్పుడు అందరి ఎదుటా రాయవలసి వస్తున్నది. ఆ కమిటీ పేరుగాని ఆ ప్రసంగీకుని పేరుగాని ఇక్కడ రాయను. తప్పు ఒక్కరిదే అయితే ఆ ఒక్కరికే రాసి ఊరుకునేవాడిని.

జరిగినదేమిటో చెబుతాను.

మా అక్కకు అరవై మూడేళ్లు. పద్దెనిమిదేళ్లుగా షుగరు వ్యాధి ఉంది. పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటూ, మాత్రలు మింగుతూ, ఆదివారం బడి పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పుతూ తన రోజులు తాను గడుపుకుంటూ ఉండేది. మూడు రాత్రుల స్వస్థత సభలకు స్త్రీల సమాజంవారు ఆమెను ఆటోలో తీసుకెళ్లారు. మూడో రాత్రి ప్రసంగీకుడు షుగరు ఉన్నవాళ్లందరినీ లేచి నిలబడమన్నారు. “యేసు నామంలో ఈ రోగాన్ని గద్దిస్తున్నాను, ఈ క్షణమే వెళ్లిపోవాలని ఆజ్ఞాపిస్తున్నాను, వెళ్లిపోయిందని నమ్మినవాళ్లు చేతులెత్తండి, నమ్మితే రేపటి నుంచి మీకు సూదితో పనేమిటి?” అన్నారు. మా అక్క చేయెత్తింది. బయటికి వచ్చేటప్పుడు బల్ల దగ్గర కానుక కవరు ఇచ్చి వేలెడంత తైలం సీసా ఒకటి తెచ్చుకుంది.

మర్నాటి నుంచి ఇన్సులిన్ మానేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పారేస్తే కోడలు చూస్తుందని, మింగితే దేవునికి ఇచ్చిన మాట తప్పినట్టవుతుందని భయపడి మాత్రల అట్టలన్నిటినీ బియ్యం డబ్బా అడుగున దాచిపెట్టింది. ఆరో వారంలో చెప్పు ఒరుసుకుని కుడికాలి బొటనవేలి పక్కన పుండు పడితే దాని మీద ఆ తైలమే రాసుకుంటూ వచ్చింది. కోడలికి వాసన తెలిసేసరికి పాదం నల్లబడి ఉంది. పెద్దాసుపత్రిలో షుగరు చూస్తే నాలుగు వందల ఎనభై. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఈ లేఖ రాయించినది ఆ తర్వాత జరిగిన సంగతి. ఆపరేషను అయిన తొమ్మిదో రోజున, ఆమెను సభలకు తీసుకెళ్లినవారిలో ఇద్దరు పరామర్శకు వచ్చారు. “అయ్యగారిని అడిగామమ్మా, మీరు పూర్తిగా విశ్వసించి ఉండరు అన్నారు” అని చెప్పి వెళ్లారు. ఆ రాత్రి వార్డులో దీపాలు తీసేశాక అక్క నన్ను దగ్గరికి పిలిచి, “ఒరే తమ్ముడూ, చేయెత్తినప్పుడు నా మనసులో ఏ మూలనైనా అనుమానం ఉందేమోరా, ఎంత వెతుక్కున్నా నాకు కనబడటం లేదు” అన్నది. కాలు పోయినందుకు ఆమె నా ఎదుట ఒక్కసారి కూడా ఏడవలేదు. విశ్వాసం చాలలేదన్న ఆ మాటకు తెల్లవార్లూ ఏడ్చింది.

అయ్యలారా, ఆమె మోస్తున్న ఈ నేరం ఆమెది కాదు. ఆమె చేత దేవుణ్ణి అడిగించలేదు, దేవునికి ఆజ్ఞ వేయించారు. ఆజ్ఞ నెరవేరకపోతే నింద ఎవరో ఒకరి మీద పడాలి గనుక రోగి మీద వేశారు. నా ఫిర్యాదు సారాంశం ఇంతే.

నా చదువు డిగ్రీతో ఆగిపోయింది. వేదాంత కళాశాలలో చదివిన మీకు వాక్యం నేర్పేటంతటివాడిని కాను. అయినా గ్రంథం పిల్లనాటి నుంచి చదువుతున్నాను గనుక అడుగుతున్నాను. గెత్సేమనే తోటలో మన ప్రభువు సాగిలపడి, “నా తండ్రీ, సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము, అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము” అన్నాడు. దేవుని కుమారుడే ‘సాధ్యమైతే’ అని అడిగినప్పుడు మన వేదికల మీద ఆ మాట ఎందుకు వినబడదు? “నీ చిత్తమైతే అని ప్రార్థించేవాడు ముందే ఓడిపోయినవాడు” అని ఒక ప్రసంగంలో నా చెవులారా విన్నాను. ఆ లెక్కన తోటలో ఓడిపోయినదెవరో ఆ ప్రసంగీకుడు ఒక్కసారి ఆలోచించాలి.

పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకున్నాడు. తొలగలేదు. “నా కృప నీకు చాలును” అన్న జవాబు వచ్చింది. నీ విశ్వాసం చాలలేదన్న జవాబు రాలేదు. అదే పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. త్రోఫిము రోగిగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని దాచకుండా రాశాడు. అతన్ని అవిశ్వాసి అనలేదు. హిజ్కియా రాజు సంగతి మరీ స్పష్టంగా ఉంది. పదిహేనేండ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానం మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానం ఉంది గదా, కట్టు ఎందుకని ఆ ప్రవక్త అనలేదు.

యేసు జ్వరాన్ని గద్దించలేదా, పేతురు కుంటివానితో నడువుమనలేదా అని మీరు అడగవచ్చు. నిజమే. అయితే ‘శృంగారము’ అనే పేరుగల దేవాలయపు ద్వారం దగ్గర ఆ కుంటివాడు అందరూ చూస్తుండగా లేచి గంతులు వేశాడు. లేవలేని మనిషితో “నువ్వు లేచావని నమ్ము” అని పేతురు చెప్పలేదు. పైగా జనం గుమిగూడినప్పుడు, మా సొంత శక్తి చేతనో భక్తి చేతనో ఇతడు నడిచినట్టు మావైపు ఎందుకు చూస్తారని వారిని మందలించాడు.

యాకోబు పత్రికలో రోగిని స్వస్థపరచే విశ్వాససహితమైన ప్రార్థన గురించి ఉన్న మాటను మీరు తరచు ఎత్తుతారు. దాన్ని నిదానంగా చదవండి. అక్కడ రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వారు వచ్చి అతని మీద ప్రార్థన చేయాలి. ఆ వచనంలో ప్రార్థన చేసేది పెద్దలు, విశ్వాసం అడిగేదీ వారినే. మంచం మీద ఉన్నవాని విశ్వాసాన్ని తూచే త్రాసు ఆ పత్రికలో లేదు. మార్కు సువార్తలో ఒక తండ్రి, మూర్ఛతో పడిపోయే కొడుకును తెచ్చి, “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని కేక పెట్టాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకంతో వచ్చిన ఆ మనిషిని ప్రభువు వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. మా అక్క కథ విన్నప్పటి నుంచి ఆ తండ్రి నా కళ్ల ముందు మెదులుతున్నాడు.

మన సొంత నేల మీదే దీనికి సాక్ష్యం ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, వారితో పాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. కొండ దిగేసరికి జవాబు రాలేదు. ఆ సేవకుడిగా జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలు వచ్చి స్థిరపడినది 1866లో, అంటే పన్నెండేళ్లకు. ఆ పన్నెండేళ్లూ జూయెట్ విశ్వాసంలో లోపముందని ఎవరైనా అనగలరా? 1876లో మొదలైన కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారిని, గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరవు తీరేదాకా ఆగమన్నాడు. ఆ తర్వాతనే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న పన్నెండేళ్ల మోకాళ్లను, కరవునాటి ఆ నిగ్రహాన్ని చెప్పుకోము. మా సంఘం ఆ ప్రార్థన ఫలమే గనుక ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

ఆజ్ఞాపించే ప్రార్థన వల్ల సామాన్య కుటుంబాలకు జరుగుతున్న హానిని, నేను కళ్లారా చూసినంతవరకు, ఇక్కడ రాస్తున్నాను.

1. జనం మందులు మానేస్తున్నారు. మా అక్క ఒక్కతే కాదు. మూర్ఛ మాత్రలు మాన్పించిన ఒక పిల్లవాడు బడి మెట్ల మీద పడి తల పగలగొట్టుకోవడం మా వీధిలోనే జరిగింది. టీబీ మందు మామూలుగా ఆరు నెలలు విడవకుండా వాడవలసినది. రెండు నెలలకు దగ్గు తగ్గగానే స్వస్థత కలిగిందని ఆపేస్తే, రోగం తిరగబెట్టడమే గాక మందుకు లొంగని క్రిమి తయారై అదే గదిలో పడుకునే పిల్లలకు సోకుతుంది. రోగాలను మహిమతో నయం చేస్తామని చేసే ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే ఈ దేశంలో చట్టం వచ్చింది. ఆ జాబితాలో షుగరు, క్షయ, మూర్ఛ, క్యాన్సరు అన్నీ ఉన్నాయి. మీ గోడపత్రికలు రాయించే ముందు ఒకసారి దాన్ని చదివించుకోండి. అయితే నేను చట్టం పేరు చెప్పి భయపెట్టడానికి ఈ లేఖ రాయడం లేదు.

2. బాగుపడనివారు సంఘానికి ముఖం చూపలేకపోతున్నారు. సాక్ష్యాల సమయంలో మైకు అందేది స్వస్థత పొందినవారికే. పొందనివారు వెనుక బెంచీకి, అక్కడి నుంచి గుమ్మం బయటికి, చివరికి ఇంటికే పరిమితమవుతున్నారు. ఆదరణ ఎక్కువగా కావలసిన కాలంలోనే వారు ఒంటరివాళ్లవుతున్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో విశ్వాసం చాలలేదని చెప్పడమంటే, బాధలో ఉన్న యోబునే తప్పుపట్టిన అతని స్నేహితులు చేసిన పనిని మళ్లీ చేయడం. ఆ స్నేహితుల మీద దేవుడు ఎంత కోపించాడో ఆ గ్రంథం ఆఖరి అధ్యాయంలో ఉంది.

3. కూలి డబ్బు పోతున్నది. ‘విత్తన కానుక’ వేస్తే నూరంతలుగా వస్తుందన్న మాట విని చెవి కమ్మలు తాకట్టు పెట్టిన స్త్రీ మా సంఘంలోనే ఉన్నది. “ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి” అన్న ప్రభువు మాటకు ఇంకో అర్థం లేదు. కుష్ఠు బాగైన నయమాను తెచ్చిన కానుకను ఎలీషా ప్రవక్త ముట్టలేదు. వెనకాల పరుగెత్తి అడిగి పుచ్చుకున్న ప్రవక్త సేవకుడు గేహజీకి నయమాను కుష్ఠు అంటుకుంది.

4. జనం ప్రార్థించడమే మరిచిపోతున్నారు. నాకు అన్నిటికంటె ఎక్కువ బాధ కలిగిస్తున్నది ఇదే. మా నాయనమ్మకు చదువు రాదు. పొగాకు గ్రేడింగుకు కూలికి వెళ్లేది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నులకమంచం పట్టె మీద మోచేతులు ఆనించి మోకరించేది. పక్కనే పడుకున్న నాకు ఆ గొణుగుడు వినబడేది. పిల్లల పేర్లు, అప్పు ఇచ్చినాయన పేరు, ఈనబోయే గేదె సంగతి, దగ్గుతున్న తాత సంగతి ఒక్కొక్కటే చెప్పి, ప్రతిదాని చివరా “అయ్యా, నీకు తెలుసు” అనేది. ఆ మూడు మాటలే ఆమె వేదాంతం. తాత ఆ చలికాలం దాటలేదు. మర్నాడు నాలుగింటికి ఆమె మళ్లీ అదే పట్టె దగ్గర మోకరించి, ఏమీ అడగకుండా చాలాసేపు ఊరుకుని, “అయ్యా, నీకు తెలుసు” అని లేచి పొయ్యి రాజేసింది. “మీరు మీ తండ్రిని అడుగక మునుపే మీకు అక్కరగా నున్నవేవో ఆయనకు తెలియును” అన్న వచనాన్ని నేను బడిలో కంఠతా పట్టకముందే ఆ మంచం దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు అదే ఇంట్లో మా పిల్లలు టీవీ తెర మీద చేయి ఉంచి అవతలి మనిషి ప్రార్థన ముగించేదాకా నిలబడుతున్నారు. ఫోనులో చేయించుకుంటున్నారు. వాట్సాపులో పంపించుకుంటున్నారు. ‘ప్రార్థన చేశావా’ అనే మాట పోయి ‘ప్రార్థన చేయించుకున్నావా’ అనే మాట వచ్చింది. అభిషేకం ఉన్నవాని కేకే పైకి వెళుతుందని, తన గొణుగుడు ఇంటి కప్పు దాటదని పేద విశ్వాసి నమ్ముతున్నాడు. ఈ నమ్మకం మీ వేదికల నుంచే అతనికి అందింది. పెదవులు కదిలాయే గాని స్వరం వినబడని హన్నాను చూసి యాజకుడైన ఏలీ తాగి ఉన్నదనుకున్నాడు. ఆ వినబడని ప్రార్థనే ఆమెకు కొడుకుగా సమూయేలును తెచ్చింది. ఏలీలో నాకు నచ్చేదేమిటంటే, తన పొరపాటు తెలియగానే ఆమెను సమాధానముగా వెళ్లమని దీవించి పంపాడు. మీరు కూడా అలా చేయగలరన్న ఆశతోనే ఈ లేఖ రాస్తున్నాను.

5. రాత్రి పది దాటినా మైకులు ఆగడం లేదు. ఇతరుల ప్రశాంతతకు భంగం కలిగేలా మైకులతో, డప్పులతో ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక చర్చి వ్యాజ్యంలోనే తీర్పు ఇచ్చింది. తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థించమన్న ప్రభువును వెంబడించే మనకు ఆ మాట కోర్టు చెప్పవలసి వచ్చింది.

ఇక నేను కోరుతున్నవి ఇవి. వీటిలో ఏదీ మీ పరిచర్యను ఆపమని కాదు. రోగుల కోసం ప్రార్థన మానమని నేను ఎన్నటికీ అడగను, అది మానితే మనం సంఘమే కాము.

1. డాక్టరు చెప్పేదాకా ఎవరూ మందులు మానవద్దని ప్రతి సభలో, ప్రతి ప్రసారంలో స్పష్టంగా ప్రకటించాలి.

2. ‘నీకు విశ్వాసం చాలలేదు’ అన్న మాటను రోగి ఎదుటగాని రోగి ఇంటివారి ఎదుటగాని ఏ సేవకుడూ పలకకూడదు. ఇదివరకు పలికినవారు వెళ్లి క్షమాపణ అడగాలి. మా అక్క దగ్గరికి ఎవరూ ఇంకా రాలేదు.

3. సాక్ష్యం ఆ రాత్రే చెప్పించకండి. కొన్ని నెలలు ఆగి, వైద్యుని కాగితాలు చూసి, ఆ మనిషి అనుమతితో చెప్పించండి. అలాగే స్వస్థత కలగకపోయినా దేవుణ్ణి విడవనివారికి కూడా మైకు ఇవ్వండి. అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు, మా దేవుడు రక్షించగలడని చెప్పి, వెంటనే “ఒకవేళ ఆయన రక్షింపకపోయినను” అన్నారు. ఆ రెండో వాక్యం చెప్పగలిగినవారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారి విశ్వాసం చిన్నదని నేను ఒప్పుకోను.

4. తైలానికి, ప్రార్థన చీటీకి, చేతులుంచడానికి డబ్బు ముట్టించుకోకండి. కానుక పెట్టె ఒక మూల ఉండవచ్చు. ప్రార్థన వరుసకు దానితో సంబంధం ఉండకూడదు.

5. సంఘ పెద్దలకు ప్రత్యేకంగా మనవి. ప్రతి ఆరాధనలో కనీసం ఐదు నిమిషాలు మైకు ఆపి, వాయిద్యాలు ఆపి, ఎవరి ప్రార్థన వారిని చేసుకోనివ్వండి. ప్రభువు చెప్పిన ఉపమానంలో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, దూరంగా నిలబడి, కన్నులెత్తడానికైనా ధైర్యం చాలక రొమ్ము కొట్టుకుంటూ పలికినది ఒక్క వాక్యం. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లినది అతడే. అతనికి మన ఆరాధనలో ఆ కాస్త నిశ్శబ్దం దొరకాలి.

ఈ లేఖ ప్రతులను మా ప్రాంతంలో సభలు నడిపే కమిటీలన్నిటికీ పోస్టులో పంపుతున్నాను. సంక్రాంతి తర్వాత మళ్లీ మూడు రాత్రుల సభలు జరుగుతాయని గోడల మీద రాతలు కనబడుతున్నాయి. మా అక్క వస్తానంటున్నది. కృత్రిమ కాలు ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు గనుక వెనుక వరుసలో అంచున ఒక కుర్చీ చాలు. పక్కన నేనుంటాను. రోగుల కొరకు ప్రార్థన మొదలుపెట్టే ముందు వేదిక మీద నుంచి ఈ నాలుగు మాటలు చదవండి:

“మీ కొరకు దేవుణ్ణి వేడుకుంటాము. ఆయన ఏమి చేయబోతున్నాడో మాకు తెలియదు, ఆయన మంచివాడని మాత్రం తెలుసు. మీ మందులు మీరు మానవద్దు. మీకు బాగుకాకపోతే మిమ్మల్ని తప్పుపట్టము, మీ ఇంటికి వస్తాము.”

ప్రభువునందు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక సంఘ మాజీ కార్యదర్శి